పాటకత్తెకు దక్కిన చోటు

పోయిన వారం మనం ఇనోబత్‌ను వంటింటి గడప మీద వదిలేసి వచ్చాం. చేతిలో టీ కెటిల్, ఎదురుగా గది నిండా ఆడవాళ్ళు. ఆ గడప మీద నుంచే ఆమె అంతా చూసింది. మంచాన పడ్డ అత్తగారు ఖోసియత్ తన తెల్ల శాలువా తీసి సనోబర్ భుజాల మీద కప్పింది. ఖోసియత్ అంటే పట్టు నేసే మా మర్గిలాన్ ఊరి వీధుల్లో ఆడవాళ్ళందరికీ ఓతిన్. పురుడొచ్చినా, ప్రాణం పోయినా వచ్చి ఖురాన్ చదివి దుఆ చేసే పెద్దదిక్కు. ఆ శాలువా ఎవరి భుజాన పడితే ఆమె తర్వాతి ఓతిన్.

పడింది సనోబర్ భుజాన. కొన్నేళ్ళ కిందటిదాకా పెళ్ళిళ్ళలో డప్పు కొట్టి పాడిన మనిషి. ఇద్దరు మొగుళ్ళ ఇళ్ళు చూసి వచ్చిన మనిషి. పోయిన చలికాలం వరకు నమాజులో ఎప్పుడు వంగాలో, ఎప్పుడు లేవాలో పక్కవాళ్ళను చూసి చేసిన మనిషి. కాపురానికొచ్చిన నాటి నుంచి అత్తగారి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని ఒక్కొక్క సూరా, ఒక్కొక్క దుఆ నేర్చుకుని, ఆమె పడిపోయాక కడిగి, తుడిచి, తినిపించి, ఎప్పటికైనా ఆ చోటు నాదేననుకున్న కోడలు మాత్రం కెటిల్ పట్టుకుని నిలబడిపోయింది.

ఇనోబత్‌కూ ఒకప్పుడు గొంతుండేది. ఆమె చదువుతుంటే గోడ అవతల మగ్గాలు ఆపి వినేవారు. మూడేళ్ళ కిందట మెడ మీద గడ్డ లేచింది. మా లోయలో మెడగడ్డలు కొత్తేమీ కాదు, ఇంటికొకరికి ఉంటుంది. ఫెర్గానా ఆసుపత్రిలో కోసి తీశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది. కత్తి కిందికి వెళ్ళేముందు ఆమె అల్లాను అడిగింది ఒక్కటే: "ఏదైనా తీసుకో, గొంతు మాత్రం తీసుకోకు." ఆయన అదే తీసుకున్నాడు. తీసుకుని ఎవరికిచ్చాడో నిన్న ఆమె కళ్ళారా చూసింది.

తెల్లారింది. ఇనోబత్ పొయ్యి రాజేసింది. తందూరులో రొట్టెలు అంటించింది. పక్కగదిలో పట్టుపురుగులకు మల్బరీ ఆకు పరిచింది. పనులన్నీ చేసింది గానీ ఎవరితోనూ పలకలేదు. భర్త తోజిబోయ్ మగ్గానికి వెళ్ళబోతూ "టీ ఏదీ?" అంటే గిన్నె చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. అతను తల్లి గది వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, టీ తాగకుండానే బయటపడ్డాడు.

ఖోసియత్‌కు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి ఏడాది దాటింది. నోరు మాత్రం పడిపోలేదు.

"చెంచా పళ్ళకు తగులుతోందే," అంది, పాలలో నానిన రొట్టె మింగుతూ.

ఇనోబత్ ఇంకో చెంచా నింపింది.

"నన్ను చంపాలనుంటే ముందే చెప్పు, కలిమా చదువుకుంటాను. ఊరికే పళ్ళు రాలగొట్టకు. ఉన్నవే నాలుగు."

వేరే రోజైతే ఇనోబత్ నవ్వేది.

"నాకు నవ్వు రావట్లేదు అత్తయ్యా."

"అయితే ఏడువు."

"ఏడుపూ రావట్లేదు."

"మరేమొస్తోంది?"

ఇనోబత్ గిన్నె కింద పెట్టింది. "కడుపుమంట వస్తోంది. దాన్ని చూస్తే ఒళ్ళంతా మండిపోతోంది. దాని నోట ఫాతిహా సూరా వింటుంటే చెవులు మూసుకోవాలనిపిస్తోంది. ఎందుకో తెలుసా? బాగుంటుంది గనక. బాగా లేకపోతే నాకీ బాధే ఉండేది కాదు. అది నోరు తెరిస్తే నాకే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత దాన్ని చంపెయ్యాలనిపిస్తుంది."

ముసలామె కుడిచేత్తో మూతి తుడుచుకుంది.

"మీకు చేసినదాంట్లో ఏమైనా లోటుందా?"

"లేదు."

"చదువులో?"

"నాకంటే నీకే బాగా వచ్చు."

"మరెందుకు? ఈ బొంగురు గొంతుతో చదివితే జనం వినరనా?"

"అది కాదు."

"మరేంటి?"

"ఇప్పుడు చెప్పను."

ఇనోబత్ చివాలున లేచి నిలబడింది. "మీరూ, పైనున్న ఆయనా ఒక్కటే. ఇస్తారు, లాక్కుంటారు, ఎందుకో చెప్పరు. అడిగితే చెవిటివాళ్ళవుతారు. పొద్దుట నమాజులో కూడా అడిగాను. నేనేం పాపం చేశాను, నన్నే ఎందుకు ఇలా చేశావు, అదేం పుణ్యం చేసింది అని."

"ఆయన్ను నాతో కలపకు," అంది ఖోసియత్. "నేను ముసలిదాన్ని. తప్పులు చేస్తాను."

పక్కగదిలో పురుగులు ఆకు కొరికే చప్పుడు వినిపిస్తోంది. సన్నటి వాన పడుతున్నట్టు.

"తోజిబోయ్ కంటే ముందు నాకు ఇద్దరు ఆడపిల్లలు," అంది ముసలామె. "నీకు తెలుసు."

"తెలుసు. తట్టు పోసి పోయారన్నారు."

"మిగతాది చెప్పలేదు. పక్కింటి దాని పిల్లలకీ పోసింది. వాళ్ళు బతికారు. ఆ మహాతల్లి లంగా మడతలో వోడ్కా సీసా పెట్టుకుని తిరిగేది. నేనా, ఆ రోజుల్లో మతచదువు కూడదన్న ప్రభుత్వం కంటబడకుండా తలుపులు బిగించుకుని, కుట్టుపని నేర్పుతున్నానని చెప్పి, పిల్లలకు ఖురాన్ నేర్పేదాన్ని. దొరికితే జైలే. అలాంటి నా పిల్లలు మట్టిలోకి పోయారు, దాని పిల్లలు మట్టిలో ఆడుకున్నారు. ఒకరోజు వాళ్ళు గోడ అవతల నవ్వుతుంటే రాయి తీసి విసిరాను."

ఇనోబత్ నోరు తెరిచింది.

"తగల్లేదు," అంది ముసలామె. "తగలాలనే విసిరాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఎందుకు తీసుకున్నాడో ఈ రోజుకీ నాకు తెలీదు. అడగడం మానలేదు. కానీ ఆయన మంచివాడనే నమ్మాను. అర్థమై నమ్మానని కాదు. ఆయన మంచివాడు కాకపోతే నా పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నట్టే? ఆ ఆలోచన నేను తట్టుకోలేకపోయాను."

ఇనోబత్ గిన్నె తీసుకుని మళ్ళీ కూర్చుంది. చెంచా ఈసారి మెల్లగా అందించింది.

"నాకు మీ అంత నమ్మకం లేదు అత్తయ్యా."

"ఉన్నదాంతోనే వెళ్ళు. ఇవాళ మస్తూరా ఇంట్లో చదవాలి. సనోబర్‌కి ఇదే మొదలు. పక్కన నువ్వుండాలి."

"నేనా!"

"నువ్వే. నేనెలాగూ లేవలేను."

ఇనోబత్ వెళ్ళింది. అత్త మాట జవదాటని కోడలని వీధిలో వాళ్ళు మెచ్చుకున్నారు. నిజం వేరు. సనోబర్ తడబడితే కళ్ళారా చూడాలని వెళ్ళింది. సనోబర్‌కు వచ్చినవి విని నేర్చుకున్న నాలుగు సూరాలే. ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే చాలు, ఆ శాలువా లోపల ఏముందో అందరికీ తెలిసిపోతుంది.

మస్తూరాకు ఒక్కతే కూతురు, నఫోసత్. పోయిన వారమే మూత్రపిండాలు పాడై చనిపోయింది. వేసవిలో పెళ్ళి కావలసిన పిల్ల. పెళ్ళి కోసం కుట్టిన పట్టు పరుపులు గోడ పొడవునా కప్పు దాకా పేర్చి ఉండేవి. ఇంతమంది ఆడవాళ్ళు కూర్చోవడానికి ఇంట్లో వేరే పరుపులు లేక వాటినే దించి పరిచారు. రంగురంగుల కొత్త పరుపుల మీద సంతాపపు నీలం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు చావు కోసం కూర్చున్నారు.

మస్తూరా ఒక మూల గోడకు ఆనుకుని ఉంది. శవం లేచిన రోజు నుంచి ఆమె కంట చుక్క రాలేదు. ఆడవాళ్ళకు అదే భయంగా ఉంది.

"ఏడవకపోతే గుండె ఆగి పోతుందమ్మా. మా పెద్దమ్మ అలాగే పోయింది," అని గుసగుసలాడింది తుర్సునోయ్. మా వీధిలో జరిగేదీ, జరగనిదీ ముందు ఆమెకే తెలుస్తుంది. ఇనోబత్ గుమ్మం పక్కన కూర్చోవడం చూసి గొంతు పెంచింది. "ఏం ఇనోబత్, చెప్పుల దగ్గర కూర్చున్నావేంటి? నీ చోటు అక్కడ పైన కదా! ఓ... మర్చేపోయాను."

"మీరు మర్చిపోవడం ఎప్పుడూ చూళ్ళేదు," అంది ఇనోబత్.

సనోబర్ వచ్చింది. నిలువెత్తు మనిషి, నడిస్తే ఇప్పటికీ పెళ్ళి పందిట్లోకి వస్తున్నట్టే ఉంటుంది. కానీ శాలువా అంచును గుప్పిట్లో నలిపేస్తోంది. పైన, పెద్దలు కూర్చునే చోట కూర్చుంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

ఆ గొంతు గురించి ఏం చెప్పను! మస్తూరా వాకిట్లో టీ కాస్తున్న ఆడవాళ్ళు కూడా కదలడం మానేశారు. గది నిండిపోయింది. ఇనోబత్ పెదవులు వాటంతటవే కదిలాయి. ఒక్కొక్క అక్షరం ఎక్కడ సాగాలో, ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. సనోబర్ సరిగ్గా అక్కడే సాగింది, అక్కడే ఆగింది. ఒకటి రెండు చోట్ల పొల్లు పోయింది. అది ఎవరికీ తెలియలేదు, ఇనోబత్‌కు తప్ప. తెలిసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. అదీ ఆమె బాధ.

సనోబర్ దుఆ కోసం చేతులెత్తింది. అప్పుడు లేచింది మస్తూరా. పరుపుల మీదుగా నేరుగా నడిచి వచ్చి సనోబర్ ఎత్తిన మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నాకొక మాట చెప్పి తర్వాత చదువు."

ఆడవాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచేశారు.

"నువ్వు ఓతిన్‌వి కదా? ఇదిగో, ఈ తుర్సునోయ్ కోడలు నలుగురు ఆడపిల్లల్ని కని, ఐదోదీ ఆడపిల్లేనా అని వారం రోజులు అన్నం మానేసింది. నాకున్నది ఒక్కతి. ఇన్నిళ్ళుంటే ఆయనకు కావలసింది నా ఇంట్లోనే దొరికిందా? ఆయన మంచివాడని చదువుతున్నావు. చెప్పు, ఎలా మంచివాడు?"

సనోబర్ నోరు తెరిచింది. "అమ్మా... అది... ఆయన..." అంతే. అంత గొంతూ ఎక్కడికి పోయిందో. ఆమె కళ్ళు గదంతా వెతికి, గుమ్మం దగ్గర ఇనోబత్ మీద ఆగాయి. మునిగిపోతున్న మనిషి చూసే చూపు అది.

ఇనోబత్‌కు నోట్లో తేనె పోసినట్టయింది. ఇందుకే వచ్చింది తను. ఆమెకు జవాబులు తెలుసు. ఓర్చుకున్నవారికి అల్లా ఏమని మాటిచ్చాడో తెలుసు. ముందే వెళ్ళిన బిడ్డ తల్లి కోసం స్వర్గద్వారం దగ్గర ఎదురుచూస్తుందనే మాట తెలుసు. పెదవి కదిలిస్తే చాలు, సనోబర్ అందుకునేది. ఇనోబత్ పెదవి కొరికి పట్టుకుంది.

సనోబర్ ఎటు చూస్తోందో మస్తూరా గమనించింది. చెయ్యి వదిలి ఇటు తిరిగింది.

"ఓహో, నువ్వున్నావా! నువ్వయితే చెప్పగలవు. నీ గొంతు తీసుకున్నాడు. నిన్న నీ చోటూ తీసుకున్నాడని అందరూ చెప్పుకుంటున్నారు. నీకు చెప్పాడా ఎందుకో?"

ఇనోబత్ లేచి నిలబడింది. ఈ తల్లి ముఖం చూసి ఆ జవాబులు వల్లించడం ఆమె వల్ల కాలేదు.

"ఏమీ చెప్పలేదు మస్తూరా అక్కా."

"మరి నువ్వేమన్నావు?"

"తిట్టాను."

"తౌబా, తౌబా!" అంటూ ఎవరో చెవులు పట్టుకున్నారు.

"ఇవాళ పొద్దున్న కూడా తిట్టాను," అంది ఇనోబత్. ఆ బొంగురు గొంతు వినాలంటే అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది. "ఇప్పుడు ఈమెకు నోరు పెగలకపోతే సంతోషించాను. పిల్ల పోయిన ఇంట్లో, ఆ పిల్ల పరుపు మీద కూర్చుని సంతోషించాను. నేనలాంటిదాన్ని. నన్నడిగి లాభం లేదు."

"అయితే ఆయన మంచివాడు కాడంటావు."

ఇనోబత్ తల అడ్డంగా ఊపింది. "ఆ మాట అనలేను అక్కా."

"ఏం, భయమా?"

"భయం కాదు. అన్యాయం చేశావని రోజూ ఆయన్నే నిలదీస్తున్నాను. న్యాయం తెలిసినవాడనుకోబట్టే కదా? వింటున్నాడనుకోబట్టే కదా? గోడతో ఎవరైనా పోట్లాడతారా? పోట్లాడి, నమాజు చాప చుట్టేసి, ఇక రాను అంటాను. మసీదు బాంగు వినపడగానే మళ్ళీ చాప పరుస్తాను. ఆయన నాకేమీ చెప్పలేదు. నాకు ఇంకో తలుపు మాత్రం తెలీదు."

మస్తూరా ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. చూస్తూ చూస్తూనే ఇనోబత్ కాళ్ళ దగ్గర కూలబడింది. ఇనోబత్ కూడా కూర్చుని ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఒక్కతే నాకు," అంది మస్తూరా. "ఒక్కతే కదా... పరుపులన్నీ అదే కుట్టుకుంది..."

అప్పుడొచ్చింది ఏడుపు. వీధి చివరిదాకా వినిపించే ఏడుపు. ఆడవాళ్ళందరూ దాంతో పాటే ఏడ్చారు. ఎవరూ పిలవకుండానే సనోబర్ మళ్ళీ మొదలుపెట్టింది. గొంతు ఎత్తలేదు. ఆ ఏడుపు కిందినుంచి, పిల్లకు జోకొడుతున్నట్టు చదివింది. ఇనోబత్ మస్తూరా వీపు నిమురుతూ కూర్చుంది.

ఇంతటితో ఇనోబత్ మనసు కడిగిన ముత్యమైందనుకుంటే పొరపాటు. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి సనోబర్ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. "ఏం గొంతమ్మా, పైనుంచి దిగి వచ్చినట్టుంది!" "ఖోసియత్ అమ్మకు అల్లా మంచి వారసురాలిని ఇచ్చాడు." ఇనోబత్‌తో ఒక్క తుర్సునోయ్ మాట్లాడింది. "నలుగురిలో తిట్టానని ఒప్పుకున్నావే, గుండెలు తీసిన బంటువి!" అంది. చెప్పులు వెతుక్కుంటున్న ఇనోబత్ గుండెల్లో పొద్దుటి మంటే మళ్ళీ లేచింది. అంత వేడిగానూ లేచింది.

కాలవ పక్కన మల్బరీ చెట్ల కింద గబగబా నడిచింది. రాలిన తెల్లటి పళ్ళు కాళ్ళ కింద చితుకుతున్నాయి. వెనక నుంచి పరుగు వినిపించింది.

"అక్కా, ఆగు!"

"నేను నీకు అక్కను కాను."

"ఆగకపోతే ఇక్కడే నిలబడి పెళ్ళిపాట అందుకుంటాను. ఈ శాలువాతోనే. వీధంతా వచ్చేస్తుంది."

ఇనోబత్ ఆగింది. సనోబర్ అన్నంత పనీ చేసే మనిషి.

సనోబర్ రొప్పుతూ వచ్చి శాలువా తీసి ముందుకు చాపింది. "తీసుకో. ఇవాళ నువ్వు లేకపోతే నేనేమయ్యేదాన్నో. ఇది నీది."

"నువ్వు దానం చేస్తే తీసుకోవడానికి నేను బిచ్చగత్తెను కాను. ఇచ్చినామె ఇంట్లో ఉంది, ఆమెకు ఇచ్చుకో."

"వద్దని ఆమెతో ఎన్నిసార్లు చెప్పానో తెలుసా? ఏడ్చాను కూడా. నోర్మూసుకుని కప్పుకోమంది."

"ఆ ఏడుపూ రాగంగానే ఏడ్చుంటావు."

సనోబర్ నవ్వబోయి ఆపుకుంది. కాలవ గట్టు మీద కూర్చుంది. "నేను పాట ఎందుకు మానేశానో ఎప్పుడైనా అడిగావా అక్కా?"

"నాకెందుకు?"

"నీ వల్లే మానేశాను."

ఇనోబత్ అనుమానంగా చూసింది.

"రెండోవాడు నన్ను బయటికి నెట్టాక పెళ్ళిళ్ళకు పిలుపులు తగ్గిపోయాయి. మొగుడొదిలేసినది పాడితే అశుభమట. ఫెర్గానా ఆసుపత్రిలో నేల కడిగే పనికి కుదిరాను. ఒకరోజు మెట్ల కింద, నేను బకెట్లు పెట్టుకునే చోట, ఒక ముసలామె నుదురు నేలకానించి ఉంది. తడి నేల, అయినా లేవట్లేదు. పైకే మాట్లాడుతోంది, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు. నాకింకా ఆ మాటలు గుర్తే." సనోబర్ గొంతు దానంతటదే ముసలి గొంతయింది. "'పైన పడుకుని అది గొంతు అడుగుతోంది. దాని మాట వినకు. చిన్నది, దానికి తెలీదు. గొంతు తీసుకో. పిల్లను నాకొదిలెయ్. నీకు పాడేవాళ్ళకు కరువా? ఎవరినైనా పట్టుకొచ్చుకో. నాకు ఇది ఒక్కతే.'"

ఇనోబత్ చెట్టు మాను పట్టుకుంది.

"పాటల్లో నేను అల్లా పేరు ఎన్ని వేలసార్లు పాడానో. అవతల ఎవరో వింటున్నారని ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు ఆ మెట్ల కింద అనిపించింది. చీపురు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. నేను ఫెర్గానా మనిషిని కదా, ఆమె ఎవరో కనుక్కోవడానికి నాకింత కాలం పట్టింది. మీ ఇంటికి నేను వచ్చింది అందుకు. శాలువా కోసం కాదు."

ఇనోబత్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. తను పైన మంచం మీద పడుకుని గొంతు కోసం ప్రాధేయపడుతుంటే, కింద అత్తగారు ఆ గొంతే తీసుకోమని ప్రాధేయపడింది. ఆయన అత్తగారి మాట విన్నాడు. తన మాట వినలేదు. వినలేదా? రెండూ విన్నాడా? ఏమీ తేల్చుకోలేకపోయింది. అంతలోకే మరో మాట ముల్లులా దిగింది.

"అంటే నా గొంతు పోవడం కూడా నీకే కలిసొచ్చిందన్నమాట!"

సనోబర్ తల వంచుకుంది. "అవునేమో అక్కా. నేనేం చెయ్యను చెప్పు. నేనడిగి తెచ్చుకున్నది కాదు."

నిజమే, అడగలేదు. అడిగినామెకు ఇవ్వలేదు, అడగనామెకు ఇచ్చాడు. ఇనోబత్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆ పాడు గొంతులో ఇరుక్కుని దగ్గులా బయటికొచ్చాయి. సనోబర్ లేచి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఇనోబత్ తోసెయ్యలేదు.

దగ్గు తగ్గాక ఆమెకు ఒక మాట తట్టింది.

"ఆగు. 'పిల్లను నాకొదిలెయ్' అందా?"

"అవును."

"వదిలెయ్యడమేంటి? మెడగడ్డ కోస్తే ఎవరూ చావరు. మా వీధిలోనే ఎంతమందికి తీశారు. తుర్సునోయ్‌కి తీస్తే నాలుగో రోజుకు పెళ్ళిలో పులావు తింది."

సనోబర్ ముఖంలో రంగు మారింది. "నీకు... చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

సనోబర్ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంక ఎంత కదిపినా ఆ చెయ్యి తియ్యలేదు.

ఇనోబత్ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వాకిట్లో భర్త చెప్పులున్నాయి. ఈ వేళప్పుడు మగ్గం మీద ఉండాల్సిన మనిషి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

ఖోసియత్ కోడలి ముఖం ఒక్కసారి చూసింది. "చెప్పేసిందన్నమాట."

"నాకొచ్చింది మామూలు గడ్డ కాదా అత్తయ్యా?"

"కాదు."

"మీ ఇద్దరికీ తెలుసు."

"తెలుసు. డాక్టర్లు క్యాన్సర్ అన్నారు, నీకు చెప్పొద్దని వీడితో ఒట్టు వేయించుకున్నది నేనే. వీడినేమీ అనకు. ఇవాళ వీడు మగ్గం మీద నుంచి లేచొచ్చి, ఇక దాచలేనన్నాడు." ముసలామె పని చేసే చేత్తో మంచం అంచు తట్టింది. "కూర్చో."

ఇనోబత్ కూర్చోలేదు.

"శాలువా ఎందుకివ్వలేదని అడిగావు కదా. ఊళ్ళో వాళ్ళ చావులకూ పురుళ్ళకూ తిరిగితే నీకిక కుదరదు. నీ ఒంట్లో బలమంతా నీకే కావాలి. నీ మెడ మీద చెయ్యి పెట్టు. ఆ కోత మచ్చ మీద కాదు. ఎడమ పక్క, చెవి కింద. తినిపించడానికి నువ్వు వంగినప్పుడల్లా నాకు కనిపిస్తోంది."

ఇనోబత్ వేళ్ళు చెవి కిందికి వెళ్ళాయి. నిమిరాయి. శనగగింజంత కొత్త గడ్డ మీద ఆగిపోయాయి.

తోజిబోయ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఖోసియత్ మాత్రం కోడలి మీద నుంచి చూపు తిప్పలేదు.

"పోయినసారి నువ్వొకటి అడిగావు, నేనొకటి అడిగాను," అంది. "వెళ్ళు, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని రా. ఈసారి ఆయన్ను ఏమడగాలో ముందు మనమిద్దరం అనుకుందాం."